పక్క సీటు బరువు

ఇంటి నుంచి,
మార్చి, మొదటి ఆదివారం

బావమరిదికి,

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నానేమిటి అనుకుంటావు. ఏళ్ల తరబడి స్ప్రింగుల షెడ్డులో సుత్తి మోత విని నీ చెవులు సగం పోయాయి. నీకు వినపడేలా నేను అరిస్తే పక్క గదిలో ఉన్న మీ అక్కకి వినపడుతుంది. తనకి తెలియకూడని విషయమేమీ కాదు. కానీ తను మధ్యలో దూరిందంటే నేను చెప్పాలనుకున్నది నా నోట్లోనే ఉండిపోతుంది. ఆ సంగతి నాకంటే ముందు నుంచీ నీకు తెలుసు.

విషయం బండి గురించి. వెన్ను ఆపరేషన్ అయిన దగ్గర నుంచి మీ అక్క చక్రాల కుర్చీలోనే ఉంటోంది కదా. కుర్చీలోంచి కారు సీటులోకి మారడానికి వడ్రంగి చేత ఒక నున్నటి చెక్క చేయించాం. ఒక కొస కుర్చీ మీద, ఇంకో కొస సీటు మీద పెడితే, తను చేతుల మీద బరువు వేసుకుని దాని మీదుగా జరుగుతుంది. కానీ మనది ఎత్తు బండి. సీటు కుర్చీ కంటే బాగా పైన ఉంది. చెక్క ఏటవాలుగా నిలబడుతుంది, ఎదురెక్కాలి. చేతుల్లో బలం ఉన్నన్నాళ్లూ ఎక్కింది. ఇప్పుడు సగం దాకా వచ్చి ఆగిపోతోంది.

కుర్చీలో మెత్త వేసి ఎత్తు చేశాను. మెత్త జారింది, దానితో పాటు మనిషీ జారింది. పోయిన వారం నేనూ పక్కింటి టైలరూ కలిసి ఎత్తి కూర్చోబెట్టాం. టైలరు పాపం గాజు సామాను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. మీ అక్క ఆయనకి థాంక్స్ చెప్పింది, నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట అంది.

"ఇంకోసారి ఎవరైనా నన్ను ఎత్తారంటే, ఈ బండి ఎక్కడం అదే ఆఖరు."

అన్నంత పనీ చేస్తుంది. బండి ఎక్కకపోతే తనకి మిగిలేది ఈ వెనక గది, ఒక కిటికీ. ఇన్నేళ్లు ఊళ్లో వాళ్లందరికీ డ్రైవింగ్ నేర్పిన మనిషి. ఇప్పుడు సాయంత్రం నేను గోడౌను నుంచి రాగానే, తను నేర్పిన ఆ పెద్ద మైదానానికే తీసుకెళ్లమంటుంది. నా పక్క సీటులో కూర్చుని, వేరే స్కూలు వాళ్లు నేర్చుకుంటుంటే చూసి తిడుతుంది. చూడు ఆ పిల్ల, క్లచ్చి కింద చీమ ఉన్నట్టు తొక్కుతోంది అంటుంది. ఆ గంటసేపూ తను మామూలు మనిషి. ఆ గంట పోకూడదు. నాకు కావలసింది అంతే.

కాబట్టి బండిని కిందికి దించాలి. ఇక్కడ కుర్రాళ్ల కార్లు దించే షాపు ఒకటుంది. వెళ్లి అడిగాను. ఎంత దించమంటారు సార్, నేల నాకేంతా అన్నాడు. నాలుగు వేళ్లు చాలు అన్నాను. స్ప్రింగులో చుట్టున్నర కోసేస్తే సరిపోతుందట, ఒక పూట పనట. కోయించమంటావా?

తనకి ఒంట్లో పర్వాలేదు. మెల్లగా తేరుకుంటుందని డాక్టర్లు అంటున్నారు.

మీ బావ


షెడ్డు నుంచి,
మార్చి, రెండో వారం

బావగారికి నమస్కారాలు.

ఈరోజు పని: లారీ స్ప్రింగు పట్టీలు రెండు జతలు, రోడ్డు రోలరు సీటు స్ప్రింగు ఒకటి.

కోయించకండి. కోసిన స్ప్రింగు పొట్టిదవుతుంది, దానితో పాటు గట్టిదీ అవుతుంది. పొడుగు కర్రని వంచినంత సులువుగా పొట్టి కర్రని వంచలేం కదా, అలాగే. పైగా కోసిన కొస, స్ప్రింగుని పట్టి ఉంచే గిన్నెలో సరిగ్గా కూర్చోదు. చక్రం గుంటలోకి వేలాడినప్పుడు పక్కకి జరుగుతుంది.

దించడం అంటే ఏమిటో నాకు తెలిసినంత చెబుతాను. చక్రానికీ బాడీకీ మధ్య ఉన్న ఖాళీయే మీ సుఖం. రోడ్డు మీద ఎత్తు వచ్చినప్పుడు చక్రం ఆ ఖాళీలోకి లేస్తుంది, లోపల మనిషి ఉన్నచోటే ఉంటాడు. బండిని నాలుగు వేళ్లు దించితే ఆ ఖాళీలో నాలుగు వేళ్లు పోయినట్టే. మిగిలిన కొంచెంలో చక్రం లేచి రబ్బరు దిమ్మకి కొట్టుకుంటుంది. ఆ దెబ్బ సీటుకి, సీటు నుంచి వెన్నుకి. కొట్టుకోకుండా ఉండాలని దించిన బళ్లకి గట్టి స్ప్రింగులు వేస్తారు. అప్పుడు దిమ్మకి తగలదు గానీ, గులకరాయి ఎక్కినా ఒంటికి తెలుస్తుంది. కుర్రాళ్లకి అది సరదా. ఆపరేషన్ అయిన వెన్నుకి కాదు.

బాగా దించడమూ, మెత్తగా ఉంచడమూ ఒకచోట కుదరవు. ఎక్కడో మధ్యలో ఒప్పుకోవాలి. నాలుగు వేళ్లు వద్దు, మూడుకి ఒప్పుకోండి. మిగిలిన వేలు కుర్చీకి పెద్ద చక్రాలు వేయించి సర్దుకోవచ్చు. స్ప్రింగులు నేను చుడతాను. చుట్లు ఒక కొసన దగ్గరగా, ఇంకో కొసన దూరంగా వస్తాయి. చిన్న దెబ్బకి దగ్గర చుట్లు మెత్తగా లొంగుతాయి. అవి మూసుకుపోయేంత పెద్ద దెబ్బ వస్తే దూరం చుట్లు గట్టిగా ఆపుతాయి. వాటికి తగ్గ పొట్టి షాక్ అబ్జార్బర్లు కూడా చూస్తాను.

దీనికి బరువు సరిగ్గా తెలియాలి. గట్టి స్ప్రింగు లెక్కలో తప్పుంటే సర్దుకుపోతుంది, మెత్తది సర్దుకోదు. అందుకని టేపు తీసుకుని, చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నాలుగు వైపులా కొలవండి. మీ ఇద్దరి బరువులు, వెనక ఏమి పెడతారో దాని బరువు రాయండి.

అక్క మందులు వేళకి వేసుకుంటోందా?

మీ బావమరిది


ఇంటి నుంచి,
ఏప్రిల్, మొదటి వారం

బావమరిదికి,

కొలతలు వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. నేను నేల మీద పడుకుని టేపు పట్టుకుంటే మీ అక్క కిటికీలోంచి చూసి, బండికి జాకెట్టు కుట్టిస్తున్నావా, టైలరుని పిలవనా అంది. ఇక దాచి లాభం లేదని మొత్తం చెప్పాను. తర్వాత, వాడు చిన్నప్పుడు కట్టిన ఉయ్యాల ఎక్కి నా పన్ను విరిగింది, ఆ సంగతి ఒకసారి గుర్తు చెయ్యి అంది. గుర్తు చేస్తున్నాను. కానీ ఆ రాత్రి భోజనం దగ్గర, మెత్తగా చేస్తానన్నాడా అని రెండు సార్లు అడిగింది.

నీ ఉత్తరం నుంచి దెబ్బ, దిమ్మ, ఖాళీ అనే ముక్కలు చదివి వినిపించాను. నీకంటే బాగా తనే నాకు విడమరిచి చెప్పింది. పద్దెనిమిది నెలలు నేర్పినా మూడో గేరు వేయడం రాని స్టూడెంటుని పెళ్లి చేసుకుని మరీ నేర్పాల్సి వచ్చిందని అందరికీ చెబుతుంది కదా, ఇప్పుడు స్ప్రింగులు కూడా నేర్పాల్సి వస్తోందట.

బరువులు: నాది డెబ్బై రెండు. మీ అక్కది అరవై రెండు, ఎప్పుడూ ఉండేదే. వెనక మడిచిన కుర్చీ ఉంటుంది, పద్దెనిమిది.

మందులు వేళకి వేసుకుంటోంది. డాక్టర్ల పని డాక్టర్లు చేస్తున్నారు, నువ్వు స్ప్రింగుల సంగతి చూడు.

మీ బావ


షెడ్డు నుంచి,
ఏప్రిల్, చివరి వారం

బావగారికి నమస్కారాలు.

ఈరోజు పని: ట్రాక్టరు తొట్టి పట్టీలు ఒక జత. మిగతా పూట మీ స్ప్రింగులు.

నాలుగూ పార్సిల్ లారీలో వేశాను. ఒక్కోదానికీ కాగితం కట్టాను, ఏది ఏ చక్రానికో అందులో ఉంది. ముందు పక్క సీటు వైపుది మిగతా వాటికంటే కొంచెం వేరు, కలపవద్దు. దగ్గర చుట్లు పైకి రావాలి. మెకానిక్కు తెలుసు అంటాడు, అయినా మీరు పక్కన నిలబడి చూడండి.

పంపే ముందు పరీక్ష చేశాను. మన బండి లాంటిదే ఇక్కడ ఒకాయనకి ఉంది. అడిగి వీటిని దానికి వేశాను. పక్క సీటులో అక్క బరువుకి సమానంగా ఇసుక బస్తా పెట్టి, బెల్టు కట్టి, చెరువుగట్టు వైపు గతుకుల రోడ్డు మీద తిప్పాను. బస్తా బాగానే కూర్చుంది. మూడు వేళ్లు దిగింది. దిమ్మకి ఒక్కసారి కూడా తగల్లేదు.

వేయించాక మళ్లీ కొలవండి. బండి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, మీరిద్దరూ కూర్చున్నాక ఒకసారి. మీరు లోపల ఉంటారు కాబట్టి టైలరు గారిని కొలవమనండి.

అక్కని చూసి చాలా రోజులైంది. వచ్చే నెల రెండు రోజులు షెడ్డు మూసి రావాలనుకుంటున్నాను.

మీ బావమరిది


ఇంటి నుంచి,
మే, మూడో వారం

బావమరిదికి,

స్ప్రింగులు వేయించాను. బండి దిగింది. నువ్వు చెప్పినంత కాదు, రెండు వేళ్ల పైచిలుకు. అయినా మొదటి సాయంత్రం చెక్క దాదాపు పడుకుంది. మీ అక్క ఒక్క ఊపున జరిగి సీటులో పడి, బెల్టు తనే పెట్టుకుని, "ఏం చూస్తున్నావ్ స్టూడెంటూ, స్టార్ట్ చెయ్" అంది. టైలరు గోడ అవతల నుంచి చప్పట్లు కొట్టాడు. నాకు నీ దగ్గరికి పరిగెత్తుకు రావాలనిపించింది.

తర్వాత సంగతి కూడా రాయాలి కదా. మన సందు దాటాక, పైపుల కోసం తవ్వి కంకర పోసి వదిలేసిన రోడ్డు ఉంది. పాత స్ప్రింగుల మీద అక్కడ బండి ఊగేది, మీ అక్క నన్ను తిట్టేది. ఇప్పుడు ఊగదు, గుద్దుతుంది. ఒక్కొక్క రాయీ లెక్కపెట్టి చెప్పినట్టు ఉంది. స్పీడ్‌బ్రేకర్ కనపడగానే తన భుజాలు చెవుల దాకా లేస్తున్నాయి. తన కాళ్ల దగ్గర, నేర్పే రోజుల్లో పెట్టించిన టీచరు బ్రేకు ఇంకా ఉంది, తెలుసుగా. కాలు కదలదు. నడుము పైనుంచి మాత్రం ఆ బ్రేకు తొక్కడానికి చూస్తుంది.

నన్ను తిట్టడం మానేసింది. నాకు భయం వేసింది దానికే. మూడో సాయంత్రం మైదానం దగ్గర కూడా మాట్లాడలేదు. మర్నాడు తయారుగా కూర్చోబెట్టాక, ఇవాళ వద్దులే అంది. ఆ మర్నాడూ అంతే.

ఇంకొంచెం మెత్త చేయడానికి వీలుందా? ఎత్తు విషయంలో నాకు పట్టుదల లేదు. అవసరమైతే ఇంకో వేలు వదులుకుంటాం. తను ఇంట్లో ఉండిపోవడం ఒక్కటి వద్దు.

టైలరు కొలిచిన కొలతలు లోపల పెట్టాను. గుడ్డ కొలిచే చెయ్యి, తప్పు పోదు.

వచ్చే నెల రావద్దు. ఇంటికి రంగులు వేయిస్తున్నాం, ఇల్లంతా చిందరవందరగా ఉంది. తర్వాత చెబుతాను.

మీ బావ


షెడ్డు నుంచి,
జూన్, మొదటి వారం

బావగారికి నమస్కారాలు.

ఈరోజు పని: ఏమీ లేదు. టైలరు గారి కొలతలు చూస్తూ కూర్చున్నాను.

మీరు కూర్చున్న వైపు బండి సరిగ్గా డెబ్బై రెండు కిలోలకి దిగాల్సినంత దిగింది. అంటే స్ప్రింగు లెక్క సరిపోయింది. అక్క కూర్చున్న వైపు బొటనవేలంత దిగాలి. చిటికెన వేలంత కూడా దిగలేదు. కొలతలో తప్పుందేమో అని ముందు అనుకున్నాను. కానీ ఆయన మూడు సార్లు కొలిచి మూడూ రాశారు. మూడూ ఒకటే.

బావగారూ, ఆ సీటులో అరవై రెండు కిలోల మనిషి లేరు.

అందుకే బండి తక్కువ దిగింది, అందుకే గుద్దుతోంది. ఉన్న మనిషికి అది చాలా గట్టి స్ప్రింగు.

అక్క ఎంత ఉందో రాయండి. స్ప్రింగు కోసమే అడుగుతున్నాను అనుకోండి.

మీ బావమరిది


గోడౌను నుంచి,
జూన్, రెండో వారం

బావమరిదికి,

ఈ ఉత్తరం ఇంట్లో కూర్చుని రాయలేక ఇక్కడ రాస్తున్నాను.

పోయిన వారం ఆసుపత్రిలో కుర్చీతో సహా తూచి, కుర్చీ బరువు తీసేశారు. నలభై ఒకటి.

ఆపరేషన్ చేసింది, నీకు చెప్పినట్టు వెన్నుపూస అరిగి కాదు. లోపల ఉన్నదాన్ని తీయడానికి. పూర్తిగా తీయలేకపోయారు. అది ఎముకల్లోకి పాకింది. ఇక చేయడానికి ఏమీ లేదని ఫిబ్రవరిలోనే చెప్పేశారు. నేను నీకు మొదటి ఉత్తరం రాసే సరికే ఆ మాట విని పది రోజులైంది. వారం వారం ఆసుపత్రికి వెళ్తున్నది నొప్పి మందు కోసం. ఇంటికి రంగులు వేయించడం లేదు.

బరువు ఎందుకు అలా రాశానని అడుగుతావు. నిన్ను మోసం చేద్దామని కాదు. కాగితం మీద అంకె వేయబోతే చెయ్యి అరవై రెండు అని రాసింది. రాశాక అదే నిజంలా కనిపించింది. ఆ సీటు అంత బరువుకే ఉండాలి కదా అనిపించింది. దాని వల్ల తను ఒళ్లు పచ్చి పుండై మూడు సాయంత్రాలు పళ్లు బిగబట్టి కూర్చుంది. నా అంకె తన వెన్నుకి తగిలింది. ఈ మాట ఇంకెవరితో అనను.

నీకు చెప్పొద్దన్నది తనే. నేను బతిమాలాను. తను అన్న మాటలు అన్నట్టే రాస్తున్నాను.

"చెబితే వాడు వచ్చి నా ఎదురుగా కూర్చుంటాడు. కళ్లలోకి చూడడు, గోడ వంక చూస్తాడు. అప్పుడు వాణ్ని నేను ఓదార్చాలి. నాకు ఓపిక లేదు. స్ప్రింగులు చేసుకోనీ. చేతికి పనుంటే వాడు బాగుంటాడు."

కాబట్టి నీకు తెలిసినట్టు తనకి తెలియనివ్వకు. ఇప్పుడే రాకు. చేయగలిగితే స్ప్రింగులు చెయ్యి. ఇప్పుడు తనవాళ్లలో ఇంకా ఏదైనా చేయగలిగినవాడివి నువ్వొక్కడివే.

మీ బావ


షెడ్డు నుంచి,
జులై, మొదటి వారం

బావగారికి నమస్కారాలు.

ఈరోజు పని: మీ స్ప్రింగులు. నిన్నా, మొన్నా కూడా అవే. మిగతా పనులు పక్కన పెట్టాను. లారీ ఓనరు వచ్చి అరిచి వెళ్లాడు. నాకు సగమే వినపడింది.

ఈసారి కడ్డీ సన్నది తీసుకున్నాను. మొదటి జత కంటే బాగా మెత్త. ఎత్తు మూడు వేళ్లు పూర్తిగా దిగుతుంది. రబ్బరు దిమ్మలు కూడా మార్చాను. ఇవి స్పాంజిలా లొంగే రకం, చక్రం వచ్చి తగిలినా గుద్దినట్టు ఉండదు. టైర్లలో గాలి కొంచెం తగ్గించి కొట్టించండి. కంకర రోడ్డు మీద నడిచే మనిషి మిమ్మల్ని దాటిపోయేంత నెమ్మదిగా పోనివ్వండి.

ఒక జాగ్రత్త. ఆ సీటులో ఇంకెవరినీ కూర్చోబెట్టకండి. మామూలు మనిషి కూర్చుంటే బండి ఆ వైపు దిమ్మ మీద కూలబడుతుంది. ఈ స్ప్రింగు ఒక్కరికే పనికొస్తుంది.

మీరు నలభై ఒకటి అన్నారు. నేను ముప్పై ఎనిమిదికి చుట్టాను. ఇవి చేసి, పంపి, మీరు వేయించే సరికి ఎన్ని రోజులు పడుతుందో చూసుకుని అలా చేశాను. బస్తాలోంచి ఇసుక దోసిళ్లతో తీసి పరీక్ష చేశాను. అంత తీయాల్సి వస్తుందనుకోలేదు.

బరువు గురించి మీరు రాసిన దానికి బాధపడకండి. మొదటి జత వృథా కాలేదు. దాని వల్లే నాకు తెలిసింది.

అక్కకి నాకేమీ తెలియదు. సరే.

మీ బావమరిది


వెనక గది,
ఆగస్టు

ఒరేయ్ తమ్ముడూ,

చేతిరాత చూసి నవ్వకు. పడుకుని రాస్తున్నాను.

స్ప్రింగులు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఇది టీచరుగా చెబుతున్న మాట, అక్కగా కాదు. కంకర రోడ్డు మీద బండి పడవలా పోయింది. స్పీడ్‌బ్రేకర్ ఎక్కిందో లేదో తెలియక మా స్టూడెంటు వెనక్కి తిరిగి చూశాడు. ముందు చూసి తోలరా బాబూ అన్నాను. ఉయ్యాల కేసు కొట్టేశాను. పన్ను సంగతి ఇక ఎత్తను.

రాత్రిళ్లు షెడ్డులో కూర్చోకు. చెవులకి దూది పెట్టుకో. ఎన్నిసార్లు చెప్పాను.

అక్క


ఇంటి నుంచి,
ఆగస్టు

బావమరిదికి,

మీ అక్క కాగితం మడిచి నాకిచ్చి పోస్టు చేయమంది. నేను వేరే కవరులో ఇది కూడా పెడుతున్నాను. తనకి తెలియదు.

తను రాసింది నిజం. ఒక్క ముక్క కూడా నిన్ను సంతోషపెట్టడానికి రాసింది కాదు. చెక్క మట్టంగా పడుకుంది. ఎవరూ ముట్టుకోకుండా తనే సీటులోకి జరిగింది, మధ్యలో రెండు సార్లు ఆగినా. కంకర రోడ్డు అసలు తెలియలేదు. నేను ఇరవై ఏళ్లలో అంత మెత్తటి బండిలో కూర్చోలేదు.

మైదానం చేరాం. ఎప్పుడూ ఆపేచోటే, గడ్డి చదునుగా ఉన్న చోట ఆపి ఇంజను కట్టేశాను. ఎవరో పెద్దావిడ నేర్చుకుంటోంది, రివర్సు చేస్తూ గోడ వైపు వెళ్లిపోతోంది. మీ అక్క ఏమైనా అంటుందని తిరిగి చూశాను. కళ్లు మూసుకుని ఉంది. తలుపు పైనున్న పిడిని ఇంకా పట్టుకునే ఉంది. వేళ్లు తెల్లబడ్డాయి. రోడ్డు అలవాటు కొద్దీ పట్టుకుందేమో అనుకుని, ఆగాం కదా, వదిలెయ్ అన్నాను.

"ఆగాక కూడా ఉంది" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. కాసేపటికి మళ్లీ తనే అంది. "ఇన్నాళ్లూ రోడ్డుని తిట్టాను. స్ప్రింగుల్ని తిట్టాను. నీ డ్రైవింగుని తిట్టాను. పాపం మీరెవరూ కాదు."

నువ్వు చేసింది అంత బాగా కుదరకపోయి ఉంటే, ఇంకో జత అడిగేవాణ్ని. ఇంకో రోడ్డు వెతికేవాణ్ని. మా ఇద్దరికీ ఏదో ఒకటి మిగిలి ఉండేది. ఇప్పుడు బండిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. నొప్పి మాత్రం అలాగే ఉంది, కదలని బండిలో, చదును నేల మీద. నీ మీద నిష్ఠూరంగా రాయడం లేదు, అలా చదవకు. ఎవరికైనా చెప్పుకోవాలి.

వచ్చేటప్పుడు, ఇంటికి చేరేదాకా, మెల్లగా పోనివ్వమంది. నొప్పికి కాదు, దారి చూడటానికి. తను నేర్పిన మలుపులన్నీ చూసింది. ఇంటి ముందు ఆగాక దిగడానికి చేతులు పనిచేయలేదు. చెక్క పెట్టి చాలాసేపు నిలబడ్డాను. చివరికి, "ఎత్తు" అంది. ఎత్తాను. ఏమీ బరువు లేదు. టైలరు అవసరం రాలేదు.

ఇక బండి తీయకు అంది. సరే అన్నాను. బండికి కవరు కప్పాను.

నిన్ను అడగడానికి ఇక నా దగ్గర ఏమీ లేదు.

మీ బావ


షెడ్డు నుంచి,
ఆగస్టు

బావగారికి నమస్కారాలు.

రెండు ఉత్తరాలూ అందాయి. అక్కది ముందు చదివాను. మీది తర్వాత చదివాను. అక్కది మళ్లీ చదివాను.

ఈ ఉత్తరం మొదట వేరేగా మొదలుపెట్టాను. మంచం ఎత్తు ఎంత, పరుపు కింద ఉన్నది చెక్కా, నులకా అని రాశాను. మంచానికి నాలుగు మూలలా స్ప్రింగులు కట్టొచ్చని బొమ్మ కూడా వేశాను. తర్వాత ఆ కాగితం చింపేశాను. ఆగి ఉన్న బండిలో కూడా ఉన్నదానికి, మంచం ఏం చేస్తుంది.

మీ ఉత్తరంలో నిష్ఠూరం లేదు. ఉన్నా తీసుకునేవాణ్ని. పని బాగా కుదిరితే ఇలా అవుతుందని నాకూ తెలియదు.

ఎల్లుండి ఉదయం బస్సుకి బయల్దేరుతున్నాను. అక్క వద్దన్న సంగతి గుర్తుంది. కోప్పడితే కోప్పడనివ్వండి, నాకు సగమే వినపడుతుంది. గోడ వంక చూడను. ఓదార్చాల్సిన పని తనకి పెట్టను. అది మాత్రం చేయగలను అనుకుంటున్నాను, చేసి చూడలేదు. పనిముట్లు ఏమీ తేవడం లేదు. ఎన్ని రోజులుంటానో చెప్పలేను, అందుకని షెడ్డు తాళంచెవి లారీ ఓనరుకి ఇచ్చేశాను.

రాత్రిళ్లు మీరు పడుకోండి. ఆ పూట నేను కూర్చుంటాను.

బస్టాండుకి రాకండి. అంతసేపు తనని వదిలిపెట్టవద్దు. నడిచి వస్తాను.

మీ బావమరిది